వినండి, కానీ ముందు జడ్జి సంతకం తీసుకోండి

2025 జూలై మొదట్లో ఏ తెలుగు చానెల్ పెట్టినా రాయచోటి పేరే. 1990ల నుంచి బాంబు కేసుల్లో తమిళనాడు పోలీసులు వెతుకుతున్న ఇద్దరు అక్కడ ఏళ్ల తరబడి ఇల్లు తీసుకుని, చిన్న వ్యాపారాలు పెట్టుకుని, ఎవరికీ అనుమానం రాకుండా బతికారట. తమిళనాడు ఏటీఎస్, అంటే అక్కడి ఉగ్రవాద నిరోధక పోలీసు దళం, వచ్చి పట్టుకుపోయింది. ఆ తర్వాత మన పోలీసులు ఆ ఇళ్లు సోదా చేసి పేలుడు పదార్థాలు దొరికాయని ప్రకటించారు. రాయచోటి మాకు పరాయి ఊరేం కాదు. కడపలో బస్సెక్కి గువ్వలచెరువు ఘాటు దాటితే వచ్చేస్తుంది. 2022 దాకా మా జిల్లాలోదే. మాలో సగం మందికి అక్కడ చుట్టాలుంటారు.

ఆ వారమంతా కడపలో టీ అంగడి దగ్గర, కోర్టు దగ్గర, పెళ్లి భోజనాల దగ్గర నేను విన్న మాట ఒకటే: "అందరి ఫోన్లూ వినాల. తప్పు చేయనోడికి భయం యాల?"

ఇందులో మొదటి ముక్కకు అడుగున ఉన్న భయం నాకూ ఉంది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలిన సాయంత్రం, హైదరాబాద్‌లో కోచింగులకు పోయిన పిల్లల కోసం సీమ జిల్లాల్లో ఎన్ని వందల ఇళ్లలో ఫోన్లు మోగాయో, ఎన్ని ఇళ్లలో లైన్లు కలవక తల్లులు గుమ్మాల్లో నిలబడిపోయారో మాకు తెలుసు. 2008 నవంబర్ 26న ముంబైలో 166 మంది ప్రాణాలు పోయాయి. దాడి నడుస్తుండగానే పోలీసులు ఆ టెర్రరిస్టుల కాల్స్ విన్నారు. తాజ్‌లో, నారిమన్ హౌస్‌లో ఉన్న వాళ్లకు పాకిస్తాన్ నుంచి ఎవరో ఏం చేయాలో చెప్తుండడం ఆ సంభాషణల్లో స్పష్టంగా ఉంది. తర్వాత కసబ్ కేసులో ఆ రాతప్రతులు సుప్రీంకోర్టు దాకా సాక్ష్యంగా నిలబడ్డాయి. ఆ కాల్స్ వినకపోయుంటే ఆ కుట్ర ఎక్కడ పుట్టిందో ప్రపంచానికి చూపించే ఆధారం అంత బలంగా ఉండేది కాదు. కాబట్టి టెర్రరిస్టు ఫోన్ వినాలా వద్దా అని ఎవరైనా అడిగితే నా జవాబు సూటిగా ఉంటుంది. వినాలి, ఆలస్యం చేయకుండా వినాలి.

నేను ఈ వ్యాసం రాస్తున్నది దాని తర్వాతి ప్రశ్న గురించి. ఫలానా మనిషి మీద అనుమానం ఉందని ఎవరు తేలుస్తారు? ఆ తేల్చినవాడిని ఎవరు ప్రశ్నిస్తారు? ఈ దేశంలో ఇవాళ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే: ప్రభుత్వం.

చట్టం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఫోన్ వినడానికి కోర్టు ఆర్డరు కావాలని చాలామంది నమ్ముతున్నారు. చదువుకున్నవాళ్లు కూడా. అట్లాంటి ఆర్డరేదీ అక్కర్లేదు. బ్రిటిష్‌వాళ్లు 1885లో తెచ్చిన టెలిగ్రాఫ్ చట్టంలో 5(2) సెక్షన్ కింద, ప్రజా అత్యవసర పరిస్థితి వచ్చినా, ప్రజా భద్రతకు ముప్పు ఉన్నా, దేశ సార్వభౌమత్వం, రాజ్య భద్రత, శాంతిభద్రతలు వంటి కారణాలు చూపి ప్రభుత్వం సందేశాలను అడ్డగించి వినొచ్చని ఉండేది. ఒక శతాబ్దం పైగా దీనికి సరైన నియమాలే లేవు. రాజకీయ నాయకుల ఫోన్లు విన్నారని సీబీఐ నివేదికే బయటపెట్టిన తర్వాత పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టుకు పోయింది. 1996 డిసెంబర్ 18న తీర్పు వచ్చింది. ఇంట్లోనో ఆఫీసులోనో కూర్చుని ఫోన్‌లో మాట్లాడుకోవడం మనిషి వ్యక్తిగత జీవితంలో భాగమని, ఇష్టారాజ్యంగా వినడం కుదరదని కోర్టు చెప్పింది. కేంద్రంలో అయితే కేంద్ర హోం కార్యదర్శి, రాష్ట్రంలో అయితే రాష్ట్ర హోం కార్యదర్శి సంతకం చేయాలి, రెండు నెలల గడువు, ఎంత పొడిగించినా ఆరు నెలలు మించకూడదు, పైన ఒక సమీక్షా కమిటీ ఉండాలి అని నియమాలు పెట్టింది.

ఆ కేసులోనే పిటిషనర్ల తరఫు న్యాయవాది ఇంకో మాట అడిగారు. ముందుగా జడ్జి పరిశీలించిన తర్వాతే వినాలని. చట్టంలో ఆ ఏర్పాటు లేనప్పుడు తాము పెట్టలేమని కోర్టు దాన్ని పక్కన పెట్టింది. నేను ఈరోజు అడుగుతున్నది ఆ పక్కన పెట్టిన మాటనే. చట్టంలో లేదన్నారు కదా, అయితే చట్టంలో పెట్టండి. పెట్టే అవకాశం మొన్ననే వచ్చింది కూడా. 1885 చట్టం స్థానంలో 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం తెచ్చారు. దాంట్లో 20(2) సెక్షన్ చదివితే పాత 5(2) మాటలే దాదాపు అట్లాగే కనిపిస్తాయి. 2024 డిసెంబర్‌లో దాని కింద కొత్త నియమాలొచ్చాయి. సంతకం పెట్టేది హోం కార్యదర్శే. సమీక్షించేది కార్యదర్శులే. కేంద్రంలో కేబినెట్ కార్యదర్శి, న్యాయ శాఖ కార్యదర్శి, టెలికం కార్యదర్శి. రాష్ట్రంలో చీఫ్ సెక్రటరీ, న్యాయ శాఖ కార్యదర్శి, ఇంకో కార్యదర్శి. ఒక్క జడ్జి లేడు, ఒక్క ప్రతిపక్ష సభ్యుడు లేడు, బయటి మనిషి ఒక్కడూ లేడు. 138 ఏళ్ల తర్వాత చట్టం మారింది. సంతకం మాత్రం ప్రభుత్వం చేతిలో నుంచి కదల్లేదు.

ఆ సమీక్ష ఎట్లా జరుగుతుందో కొంచెం లెక్క వేసి చూద్దాం. కేంద్రం నెలకు సగటున 7,500 నుంచి 9,000 వరకు ఫోన్ వినే ఆదేశాలు ఇస్తోందని సమాచార హక్కు కింద అడిగితే 2013లో జవాబు వచ్చింది. అంటే హోం కార్యదర్శి దగ్గరికి రోజుకు 250 నుంచి 300 ఫైళ్లు. ఆయనకు దేశంలో ఇంకే పనీ లేదనుకున్నా ఒక్కో ఫైలు చదివి, అనుమానానికి కారణమేంటో తూచి, వేరే మార్గం ఉందా అని ఆలోచించి సంతకం పెట్టగలడా? రెండు నెలలకోసారి కూర్చునే సమీక్షా కమిటీ ముందుకు 15,000 నుంచి 18,000 ఆదేశాలు వస్తాయి. జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో డేటా రక్షణ మీద ఇచ్చిన నివేదికలో ఈ సంగతే ఎత్తిచూపింది. ఎనిమిది గంటలు ఏకబిగిన కూర్చున్నా ఒక్కో ఆదేశానికి రెండు సెకన్లు కూడా రావు. కవర్ తెరిచే సమయం కూడా కాదది. దీన్ని సమీక్ష అని రాసుకోవడం ప్రజలను నమ్మించడానికే.

మా నాన్న ప్రొద్దుటూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పనిచేశారు. నేరుగా బయటి ఊరికి డయల్ చేసే సౌకర్యం ఇంకా రాని రోజులు. ట్రంకాల్ బుక్ చేసుకుని గంటలు గంటలు కాచుకునేవాళ్లు. ఆర్డినరీ, అర్జంట్, లైట్నింగ్ అని మూడు రకాలు. చెవులకు హెడ్‌సెట్, ముందు బోర్డు నిండా రంధ్రాలు, తీగలు. ఒక తీగ తీసి ఒక రంధ్రంలో గుచ్చితే మద్రాసు, ఇంకో దాంట్లో గుచ్చితే బొంబాయి. ప్రొద్దుటూరు అంటే అప్పటికీ ఇప్పటికీ బంగారం, పత్తి వ్యాపారం. పొద్దున్నే అంగళ్లు తెరవకముందే షావుకార్లు మద్రాసుకూ బొంబాయికీ ఫోన్ కలుపుకుని ధర కనుక్కునేవాళ్లు. ఆ రోజు బంగారం ధర ఊళ్లో అందరికంటే ముందు తెలిసేది ఎక్స్ఛేంజీలో కూర్చున్న నలుగురైదుగురు ఆపరేటర్లకే. తులం మీద పది రూపాయలు తేడా అంటే ఆ రోజుల్లో మాటలు కాదు. ఒక్క మాట బయట చెప్తే చాలు, ఇంటికి కవరు వచ్చి పడేది.

మాటలన్నీ వినపడవా నాన్నా అని చిన్నప్పుడు అడిగాను. "లైన్ బాగుందా లేదా అని చూసేదానికి ఒక పది సెకన్లు చెవి పెట్టాల. బాగుందంటే కీ మూసేయాల. మళ్లీ మూడు నిమిషాలు అయినాక పొడిగించాలా అని అడిగేదానికే లోపలికి పోవాల" అన్నారు. కీ ఎట్లా మూస్తారో గాల్లో వేలు వంచి చూపించారు. ఊళ్లో ఎవరింట్లో ఏ గొడవ జరుగుతోందో, ఏ షావుకారు దివాలా తీస్తున్నాడో, ఏ ఫ్యాక్షన్ నాయకుడు ఏ లాడ్జిలో దిగాడో ఆయన చెవికి తగలకుండా ఉండదు. ఇంట్లో మా అమ్మకు కూడా ఒక్క ముక్క చెప్పి ఎరగరు. అది ఆయన మంచితనం ఒక్కటే అనుకోవడానికి లేదు. టెలిగ్రాఫ్ చట్టం 26వ సెక్షన్ కింద సందేశాన్ని బయటపెట్టిన ఉద్యోగికి మూడేళ్ల దాకా జైలు ఉండేది. ఆయన పక్కన ఇంకో ఆపరేటరు కూర్చునేవాడు. వెనక సూపర్‌వైజరు తిరుగుతుండేవాడు. ఎవరు కీ తెరిచి ఎంతసేపు ఉంచారో పక్కవాడికి కనపడుతుంది.

అట్లాంటి పక్కమనిషి కొంతకాలం ఫోన్ ట్యాపింగ్‌లో కూడా ఉన్నాడు. 2007 నియమాల ప్రకారం ఆదేశం టెలికం కంపెనీలో ఈ పని చూసే నోడల్ అధికారికి చేరాలి, ఆయన అందిందని రాసివ్వాలి, పదిహేను రోజులకోసారి జాబితా పంపి ఇవన్నీ నిజమైన ఆదేశాలేనా అని సరిచూసుకోవాలి. ఆయన కూడా పెద్ద రక్షణేమీ కాదు, ప్రభుత్వ లైసెన్సు మీద బతికే కంపెనీ ఉద్యోగి ప్రభుత్వాన్ని ఎదిరించడు. అయినా ప్రభుత్వం బయట ఒక కాగితమైనా మిగిలేది. ప్రభుత్వ టెలికం పరిశోధన సంస్థ సీడాట్ తయారుచేసిన సెంట్రల్ మానిటరింగ్ సిస్టం వచ్చాక ఆయన అవసరం కూడా లేకుండా నెట్‌వర్క్‌లోకి నేరుగా పోయే ఏర్పాటు జరిగింది. కంపెనీకి తెలియదు, జడ్జికి తెలియదు, ఫోన్ యజమానికి తెలియదు. మా నాన్న కూర్చున్న గదిలో కూడా ఇంత చీకటి లేదు.

ఇక "తప్పు చేయనోడికి భయం యాల" అనే మాట దగ్గరికి వస్తాను. దీనికి నా దగ్గర వాదం కంటే ముందు ఒక మనిషి ఉన్నాడు. పెద్ద దర్గాకు పోయే దారిలో సెల్‌ఫోన్ రిపేరు అంగడి నడుపుతాడు. పదిహేనేళ్లుగా నా ఫోన్లన్నీ బాగుచేసేది అతనే. తమ్ముడు కువైట్‌లో డ్రైవరు. రాయచోటి వార్త వచ్చిన రెండు మూడు వారాలకు అంగడికి పోతే చేతిలో పని ఆపకుండానే చెప్పాడు. "అన్నా, మా అమ్మ రాత్రిళ్లు తమ్మునితో మాట్లాడేది తగ్గించేసింది. ఎక్కువసేపు మాట్లాడాకురా, ఎవురన్నా వింటాంటారేమో అంటాంది. ముందు రోజూ అరగంట ఏడ్చుకుంటా మాట్లాడేది. ఇప్పుడు బాగుండావా, తిన్నావా, పెట్టేయ్. అంతే." నేను ఏదో ధైర్యం చెప్పబోయాను. "మేం ఏం తప్పు చేసినామన్నా? ఏం చేయలేదు. అయినా ఆమెకు భయం. ఆమెకు నేనేం చెప్పాల?" అన్నాడు.

ఆ తల్లికి భయపడొద్దని చెప్పే అర్హత ఎవరికుంది? 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత డజన్ల కొద్దీ ముస్లిం కుర్రాళ్లను పట్టుకుపోయారు. చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణలు వచ్చాయి. కేసులు నిలవక వాళ్లు బయటపడ్డారు. చివరికి ప్రభుత్వమే వాళ్లలో పలువురికి నష్టపరిహారం ప్రకటించింది. ఆ కుర్రాళ్లు తప్పు చేయనివాళ్లే. భయపడకుండా ఉండుంటే వాళ్లకు ఏం ఒరిగేది?

కడప, రాయచోటి, రాజంపేట వైపు ఇళ్ల ఫోన్లు తెలిసినవాళ్లు ఇంకోటి ఆలోచించాలి. కువైట్, సౌదీ, ఖతార్ నంబర్ల నుంచి వేళకాని వేళల్లో కాల్స్ వస్తాయి. ఇమోలో, వాట్సాప్‌లో మాటలు. అక్కడివాడు రెండేళ్లకోసారి నంబరు మారుస్తాడు. ఇక్కడ భార్య వాడే సిమ్ మామ పేరు మీద ఉంటుంది, మామ వాడేది కొడుకు పేరు మీద. డబ్బు ఒకరి ఖాతాలో పడి ఇంకొకరి చేతికి పోతుంది. గల్ఫ్‌కు మనుషులను పంపి బతికే ప్రతి కుటుంబం ఫోను ఇట్లాగే ఉంటుంది. హిందువులైనా ముస్లింలైనా, దళితులైనా రెడ్లైనా. ఢిల్లీలో ఒక కంప్యూటరు ముందు కూర్చుని సరళిని బట్టి అనుమానితులను ఏరేవాడికి ఇది ఎట్లా కనపడుతుంది? ఒక లెక్క చెప్తాను. పది లక్షల ఫోన్లలో పదిమంది నిజమైన టెర్రరిస్టులున్నారనుకోండి. నూటికి తొంభైతొమ్మిది సార్లు సరిగ్గా చెప్పే యంత్రం ఉందనుకోండి. ఆ పదిమందీ దొరుకుతారు, వాళ్లతో పాటు దాదాపు పదివేల మంది అమాయకులు కూడా అదే జాబితాలో పడతారు. జాబితాలో ప్రతి వెయ్యి మందిలో 999 మంది ఏ పాపం ఎరగనివాళ్లు. పోలీసు బలగం అంతా ఆ 999 మంది వెనక తిరుగుతుంటే ఆ మిగిలిన ఒక్కడు హాయిగా ఉంటాడు.

అమెరికా ఈ పని చేసి చూసింది. దేశంలో ఎవరు ఎవరికి ఫోన్ చేశారన్న వివరాలన్నీ గంపగుత్తగా సేకరించింది. 2013లో అక్కడి నిఘా సంస్థకు పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ ఈ సంగతి బయటపెట్టాడు. అక్కడి ప్రభుత్వం నియమించిన పౌరస్వేచ్ఛల పర్యవేక్షక బోర్డే 2014 జనవరిలో ఆ కార్యక్రమాన్ని పరిశీలించి, దానివల్ల అంతకుముందు తెలియని టెర్రరిస్టు కుట్ర ఒక్కటి కూడా నేరుగా బయటపడిన ఉదాహరణ కనపడలేదని రాసింది. 2015లో ఆ గంపగుత్త సేకరణను చట్టం చేసి ఆపారు. అందరి ఫోన్లూ వింటే దేశం భద్రంగా ఉంటుందనే వాళ్లు ఆ నివేదిక గురించి ఒకసారి తెలుసుకోవాలి.

మాట వినకపోయినా ఫోన్ ఎంత చెప్తుందో మా జిల్లాలో పిల్లోడికి కూడా తెలుసు. 2019 మార్చి 15న పులివెందులలో జరిగిన హత్య కేసులో సీబీఐ గూగుల్ టేకౌట్ వివరాలను, అంటే ఫోన్ ఎక్కడెక్కడ తిరిగిందో గూగుల్ దగ్గరున్న చిట్టాను, కోర్టు ముందు పెట్టింది. ఎవరి ఫోన్ ఏ వేళకు ఎక్కడుందన్న దాని మీద ఏళ్ల తరబడి వాదోపవాదాలు నడిచాయి. ఆ కేసులో ఎవరు దోషులో తేల్చే పని నాది కాదు. నేరం జరిగాక, కేసు కట్టాక, కోర్టు కళ్లముందు ఆ వివరాలు తీసుకోవడం మీద నాకు అభ్యంతరం లేదు. దర్యాప్తు అట్లాగే జరగాలి, అవతలి పక్షం ప్రశ్నించడానికి వీలుండాలి. కానీ టెలికం కంపెనీలు ప్రతి ఒక్కరి కాల్ వివరాలు కనీసం రెండేళ్లు దాచిపెట్టాలని 2021లో ప్రభుత్వం నిబంధన పెట్టింది. వాటిని తీసుకోవడానికి హోం కార్యదర్శి సంతకం కూడా అక్కర్లేదు, పోలీసు అధికారి ఉత్తరం చాలు. నువ్వు ఏ డాక్టరు దగ్గరికి పోయావో, ఏ లాయరుకు ఎన్నిసార్లు ఫోన్ చేశావో, ఏ రాత్రి ఎక్కడున్నావో రెండేళ్ల చిట్టా అక్కడ సిద్ధంగా ఉంటుంది.

సీమలో పెరిగినవాడిగా నాకు ఇంకో కారణం ఉంది. పోలీస్ స్టేషన్ ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్లదని మేం తరాలుగా చూశాం. ఎన్నికల్లో పార్టీ మారితే సీఐ మారతాడు, ఎస్సై మారతాడు, నిన్నటి దాకా ఫిర్యాదు ఇచ్చినవాడు ముద్దాయి అవుతాడు. అట్లాంటి చోట ఫోన్ వినే యంత్రం కూడా ప్రభుత్వంతో పాటే చేతులు మారుతుంది. ఇవాళ మీ పార్టీ చేతిలో ఉందని సంతోషపడేవాళ్లు ఐదేళ్ల తర్వాత సంగతి ఆలోచించాలి.

2024 మార్చిలో బయటపడిన తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసు చూడండి. మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి పెట్టుకున్న పోలీసు నిఘా విభాగం ఎస్ఐబీలోని యంత్రాంగంతో రాజకీయ ప్రత్యర్థుల, వ్యాపారుల, జర్నలిస్టుల ఫోన్లు విన్నారని, 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం ఓడిపోగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని అభియోగం. నిజమో కాదో కోర్టు తేల్చాలి. అయితే ఆ అభియోగంలో మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. దేశద్రోహులను పట్టుకోవడానికని జనం ఒప్పుకున్న గదిలోనే ఈ పని జరిగిందంటున్నారు. దాని కోసం ఎవరూ కొత్త చట్టం తేలేదు, కొత్త గది కట్టలేదు. ఎవరి ఫోన్ ఎందుకు విన్నారన్న రికార్డు ఒక కాపీ కోర్టు దగ్గర ఉండుంటే ఇక్కడ డిస్కులు పగలగొట్టి ఎవరికీ లాభం ఉండేది కాదు. మన రాష్ట్రం కూడా తక్కువేం తినలేదు. 2015లో ఓటుకు నోటు కేసు రోజుల్లో రెండు రాష్ట్రాలూ ట్యాపింగ్ ఆరోపణలతో కొట్టుకున్నాయి. 2023లో అధికార పార్టీ ఎమ్మెల్యేనే, నెల్లూరు రూరల్ కోటంరెడ్డి శ్రీధర్ రెడ్డి, సొంత ప్రభుత్వం తన ఫోన్ వింటోందని ఆరోపించి బయటికొచ్చారు. ప్రభుత్వం కాదంది. ఎమ్మెల్యేకే తన ఫోన్ విన్నారో లేదో తేల్చుకునే దారి లేకపోతే దర్గా దారిలో రిపేరు అంగడి నడిపేవాడికి ఏ దారి ఉంటుంది?

ఫోన్‌లోకి రహస్యంగా దూరే నిఘా సాఫ్ట్‌వేర్ పెగాసస్ విషయంలో సుప్రీంకోర్టు వేసిన కమిటీ 29 ఫోన్లు పరీక్షించి ఐదింటిలో ఏదో మాల్‌వేర్ ఉందని, అది పెగాసస్సేనని తేలలేదని చెప్పింది. ప్రభుత్వం తమకు సహకరించలేదని కూడా చెప్పింది. 2021 అక్టోబర్ 27న ఆ కమిటీని వేస్తూ జస్టిస్ ఎన్.వి. రమణ బెంచి, జాతీయ భద్రత పేరెత్తినంత మాత్రాన ప్రభుత్వం ప్రతిసారీ తప్పించుకోలేదని రాసింది. ఆ వాక్యం నాకు ఎంతో ఆశ పెట్టింది. తర్వాత జరిగింది ఆ ఆశకు తగ్గట్టు లేదు.

ఇంకో తెలుగు జడ్జి గురించి మాత్రం ఆగి చెప్పుకోవాలి. కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉన్న రోజుల్లో, 1954లో గుంటూరులో పెట్టిన హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. తర్వాత సుప్రీంకోర్టుకు పోయారు. 1962లో ఆయన ముందుకు ఖరక్ సింగ్ అనే ఉత్తరప్రదేశ్ మనిషి కేసు వచ్చింది. దోపిడీ కేసులో ఆధారాలు లేక వదిలేసినా పోలీసులు అతని మీద హిస్టరీ షీట్ తెరిచారు. రాత్రిళ్లు వచ్చి తలుపు కొట్టి ఉన్నావా అని చూసిపోయేవాళ్లు, ఇంటి దగ్గర రహస్యంగా కాపు కాసేవాళ్లు, ఎక్కడికి పోతున్నాడో ఎవరితో కలుస్తున్నాడో రాసుకునేవాళ్లు. రాత్రి తలుపు కొట్టడం తప్పని మెజారిటీ జడ్జీలు ఒప్పుకున్నారు గానీ, రాజ్యాంగంలో ప్రైవసీ హక్కు అనేదేమీ లేదని, మిగతా నిఘా చెల్లుతుందని అన్నారు. జస్టిస్ షాతో కలిసి సుబ్బారావు విభేదించారు. ప్రైవసీ స్వేచ్ఛలో విడదీయలేని భాగమని, వెనక నీడలా పోలీసు ఉన్నప్పుడు మనిషి తిరగగలిగినా స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదని రాశారు. యాభై అయిదేళ్ల తర్వాత, 2017 ఆగస్టు 24న, కర్ణాటక హైకోర్టు మాజీ జడ్జి పుట్టస్వామి వేసిన కేసులో తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నారు. సుబ్బారావు గారి విభేదమే సరైనదని ఒప్పుకున్నారు.

ఆ తీర్పు చదువుతుంటే నాకు ఉత్తరప్రదేశ్ కనపడలేదు, మా ఊళ్లు కనపడ్డాయి. రౌడీషీట్ ఉన్న ప్రతివాడినీ ఆదివారం స్టేషన్‌కు పిలిపించి వరసగా కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇవ్వడం మాకు కొత్త కాదు. వాళ్లలో నిజంగా కత్తి పట్టినవాళ్లున్నారు. ఎన్నడో ఇరవై ఏళ్ల కింద నాయకుడి జీపులో కూర్చున్నందుకు పేరెక్కి, ఇప్పటికీ దిగనివాళ్లూ ఉన్నారు. షీట్ తెరవడం సులభం. మూయించడానికి కాళ్లరిగేలా తిరగాలి. అయితే ఆ షీట్ ఉన్నవాడికి తన మీద షీట్ ఉందని తెలుసు, లాయర్ని పెట్టుకుని హైకోర్టుకు పోగలడు. ఫోన్ వింటున్నవాడి మీద తెరిచిన ఫైలు సంగతి అతనికి చచ్చేదాకా తెలియదు.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. ఫోన్ వినాలంటే జడ్జి దగ్గరికి పోండి. ఫలానావాడి మీద ఇదీ అనుమానం, ఇదీ ఆధారం, వేరే మార్గంలో దొరకదు అని కాగితం మీద పెట్టండి. జడ్జి చదివి సంతకం చేయాలి. ఇది రహస్యంగానే జరగనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. బ్రిటన్ ఈ ఏర్పాటు చేసుకుంది. 2016 చట్టం ప్రకారం అక్కడ మంత్రి సంతకం చేసినా జ్యుడీషియల్ కమిషనర్ ఒప్పుకుంటేనే ఆదేశం అమల్లోకి వస్తుంది. వాళ్లకూ బాంబులు పేలాయి, వాళ్లకూ టెర్రరిస్టులున్నారు. మనకు 1885 చట్టం ఇచ్చిపోయినవాళ్లే తమ దేశంలో దాన్ని దాటి పోయారు.

జడ్జి చుట్టూ తిరిగేలోపు బాంబు పేలిపోతుందని కొందరంటారు. మన దగ్గర పోలీసులు అర్ధరాత్రి మేజిస్ట్రేటు ఇంటి తలుపు కొట్టి ముద్దాయిని రిమాండుకు పెట్టడం ఎవరూ చూడలేదా? పండగ రోజు, ఆదివారం, ఎప్పుడైనా జరిగే పని అది. మనిషిని జైలుకు పంపడానికి రాత్రి పన్నెండింటికి దొరికే జడ్జి, ఫోన్ వినడానికి దొరకడా? అంతకన్నా తొందరైతే ముందు వినండి, మూడు రోజుల్లో వచ్చి జడ్జికి చెప్పుకోండి, ఆయన కాదంటే విన్నది చెరిపేయండి. ఇప్పటి నియమాల్లో కూడా అత్యవసరమైతే ఐజీ స్థాయి అధికారి ముందు ఆదేశమిచ్చి తర్వాత ఆమోదం తెచ్చుకునే వీలుంది. ఆ ఆమోదం ఇచ్చే మనిషి మారాలి, అంతే.

ఇది నిజమైన దోషులకు శిక్ష పడడానికి కూడా కావాలి. నియమాలకు విరుద్ధంగా విన్నారని తేలి, ఆ రికార్డింగులను కోర్టు కొట్టేసిన కేసులున్నాయి. 2019లో బొంబాయి హైకోర్టు ఒక లంచం కేసులో అదే చేసింది, ప్రజా భద్రతకు ముప్పేమీ లేనప్పుడు ఆ ఆదేశాలు చెల్లవని చెప్పింది. రేపు ఒక టెర్రరిస్టు కేసులో డిఫెన్స్ లాయరు లేచి ఈ ఫైలును ఎవరూ చదవకుండానే సంతకం పెట్టారని నిరూపిస్తే మనం ఎవరిని తిట్టుకోవాలి? జడ్జి ముందే చూసి ఒప్పుకున్న ఆదేశం మీద ఆ ఆట సాగదు.

ఇంకోటి కూడా అడుగుతున్నాను. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. విన్నారు, వెతికారు, ఏమీ దొరకలేదు, ఫైలు మూశారు. అప్పుడైనా ఆ మనిషికి చెప్పండి. అమెరికాలో నేర దర్యాప్తు కోసం ఫోన్ వింటే, 1968 నుంచి ఉన్న చట్టం ప్రకారం, వినడం ముగిసిన 90 రోజుల్లోగా మామూలుగా ఆ మనిషికి నోటీసు పోవాలి. జడ్జి తగిన కారణం ఉంటే వాయిదా వేయొచ్చు. దీనికి మన అధికారులు చెప్పే అభ్యంతరం ఒకటే, చెప్తే మిగతావాళ్లు జాగ్రత్తపడతారని. నిజమైన ముఠా విషయంలో అది న్యాయమైన భయమే, అప్పుడు జడ్జి వాయిదా వేస్తాడు, ఆరు నెలలు కాదు ఆరేళ్లు వేసినా నేను ఒప్పుకుంటాను. కానీ పొరపాటున పేరెక్కిన మనిషికి, సిమ్ మామ పేరు మీద ఉన్నందుకు ఇరుక్కున్న కోడలికి, కువైట్ నుంచి ఫోన్ వచ్చినందుకు గుర్తుపెట్టుకున్న కుటుంబానికి చెప్తే ఏ ముఠా జాగ్రత్తపడుతుంది? తమ మీద జరిగింది తెలిస్తే వాళ్లు నష్టపరిహారం అడగగలరు, తప్పుడు సమాచారం ఇచ్చిన అధికారిని కోర్టుకు లాగగలరు. అట్లా ఒక్క అధికారి ఒక్కసారి కోర్టు బోనెక్కితే తర్వాతి ఫైలు మీద ఎక్కువ ఆధారం రాస్తారు. ఏటా ఎన్ని ఫోన్లు విన్నారు, ఎన్ని కేసుల్లో చార్జిషీటు పడింది, ఎన్ని వట్టివని తేలాయి అన్న అంకెలు పార్లమెంటు ముందు, అసెంబ్లీ ముందు పెట్టాలి. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు.

ఈ మూడూ 2023 చట్టంలో సవరణగా తేవచ్చు. రాజ్యాంగ సవరణ అవసరం లేదు. సీమ జిల్లాల ఎంపీలు ఏ పార్టీవాళ్లయినా కావొచ్చు, వాళ్లలో ఎవరి ఫోన్ ఎప్పుడు వింటున్నారో వాళ్లకూ తెలియదు. ఒక్కరు లేచి ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టినా చర్చ మొదలవుతుంది. మా ఎంపీకి ఈ వారం ఉత్తరం రాస్తున్నాను. జడ్జి సంతకం, ముగిశాక నోటీసు, ఏటా అంకెలు. ఈ మూడు మాటలే అందులో ఉంటాయి. మీ ఊరి ఎంపీకి మీరు కూడా రాయండి.